బస్సు కాపురంలో గ్యాస్ బండ ఎక్కడ?

"మీ ఇంట్లో నలభై ఏళ్ళుగా గ్యాస్ బండ వంటింట్లోనే ఉంది కదా అత్తయ్యగారూ, ఏమైనా అయిందా?" అని మా అల్లుడు అడిగాడు. అడగడం మర్యాదగానే అడిగాడు, నవ్వుతూనే అడిగాడు. కానీ అప్పటికప్పుడు నాకు జవాబు తోచలేదు. నిజమే కదా, ఏమీ కాలేదు. గట్టు కింద తలుపు వెనకాల, పప్పుల డబ్బాల పక్కన, ఎప్పుడూ అక్కడే ఉంది.

ముందు సంగతి చెప్తాను. మా అమ్మాయి, అల్లుడు ఉండేది అమెరికాలో, కొలరాడోలో. ఇద్దరివీ ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగాలే. అద్దె కట్టీ కట్టీ విసిగిపోయి, ఒక పాత స్కూలు బస్సు వేలంలో కొన్నారు. సీట్లన్నీ పీకేసి ఇల్లులా మార్చుకుంటున్నారు. అక్కడ ఇలాంటివాళ్ళు చాలామందే ఉన్నారట, ఆ బస్సుని ముద్దుగా 'స్కూలీ' అంటారు. 1939 నుంచీ ఆ దేశంలో స్కూలు బస్సులకి ఒకే పసుపు రంగు. బడి మానేసిన బస్సుకి ఆ రంగు ఉంచకూడదని చాలా రాష్ట్రాల్లో నియమం. అందుకని మా అమ్మాయి దానికి మీగడ రంగు వేసింది. ఈ మాట చెప్పగానే మా ఆడపడుచు "అమెరికా వెళ్ళి బస్సులో కాపురమా వదినా!" అని బుగ్గలు నొక్కుకుంది. మావారు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాకు మాత్రం అంత బాధ అనిపించలేదు. మా అత్తగారింట్లో రెండు గదుల్లో తొమ్మిదిమందిమి ఉన్నాం. వీళ్ళు ముగ్గురే.

పోయిన సెప్టెంబరులో నేను వెళ్ళేసరికి పడకలు అయిపోయాయి. వంటగట్టు మీద నీలం పలకలు అతికించేశారు, చూడముచ్చటగా ఉంది. ఆ గట్టు కింద ఒక అర ఖాళీగా ఉంది. "ఇక్కడ రెండు ప్రొపేన్ బండలు వస్తాయి" అన్నాడు అల్లుడు. ఒక్కొక్కటి ఇరవై పౌన్ల గ్యాస్ పట్టేది, అంటే తొమ్మిది కిలోలు. మన 14.2 కిలోల బండ కంటే చిన్నదే. ఆ అరకి ఆనుకుని అవతల కింది పడక ఉంది. ఆ పడక మా మనవరాలిది. దానికి నాలుగేళ్ళు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో అమ్మ గుర్తొచ్చింది. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, కాకినాడలో, గ్యాస్ అబ్బాయి బండ మార్చి వెళ్ళాడు. వాషర్ చిరిగిపోయిందని ఎవరూ చూసుకోలేదు. సాయంత్రం అమ్మ గుమ్మంలోనే ఆగిపోయి "లైటు వెయ్యకండి" అని అరిచింది. రెగ్యులేటర్ కట్టేసింది, పెరటి తలుపు తీసింది, ఆ తరవాత చేట తీసుకుని వంగి నేలకి జానెడు ఎత్తులో విసరడం మొదలుపెట్టింది. నాకు నవ్వొచ్చింది. "కిందెందుకమ్మా విసురుతావు?" అన్నాను. "ఇది గాలి కాదే, నీళ్ళలా పారుతుంది. గుమ్మం దాటించాలి" అంది. అమ్మ చదివింది అయిదో తరగతి.

ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. మన బండలో ప్రొపేన్‌తో పాటు కలిసి ఉండే బ్యూటేన్ ఇంకా బరువు, దాదాపు రెండింతలు. అవి నేలబారుగా పాకుతాయి, పల్లం వెతుక్కుంటాయి. అల్లుడికి ఇవ్వాల్సిన జవాబు నాకు అమ్మ చేటలో దొరికింది.

పొద్దున్నే కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాను. "బాబూ, మా వంటింటికి గుమ్మం ఉంది, పెరట్లోకి తలుపుంది, నీళ్ళు పోయే తూము ఉంది, కిటికీ రోజంతా తెరిచే ఉంటుంది. మా ఇల్లు కదలదు. మీ ఇంట్లో పల్లం ఎక్కడుందో చూపించండి" అన్నాను. చూస్తే ఏముంది, బస్సు ఎక్కే మెట్ల గుంట. దాని తలుపుకి చలి రాకుండా రబ్బరు బిగించారు. గోడల్లో, నేలలో నురుగు కొట్టి సందులన్నీ మూసేశారు. లోపల వేడినీళ్ళ మిషను, ఫ్రిజ్జు, హీటరు, నిప్పురవ్వ పుట్టడానికి ఇన్ని చోట్లు. పైగా ఆ ఇల్లు గంటకి అరవై మైళ్ళ వేగంతో గతుకుల్లో పోతుంది. బిగించిన ప్రతి మర అదురుతూనే ఉంటుంది.

ఇంకో సంగతి ఉంది, అది నాకు అల్లుడే చెప్పాడు, చెప్పి తనే ఆలోచనలో పడ్డాడు. అక్కడ బండని నూటికి ఎనభై వంతులే నింపుతారు. పాలు కాచే గిన్నె నిండా పోయం కదా, అలాగ. ఎండకి లోపలి ద్రవం ఉబ్బుతుంది. మరీ వేడెక్కి ఒత్తిడి పెరిగితే, బండ పగలకుండా దాని వాల్వే కాస్త గ్యాస్‌ని బయటకి వదిలేస్తుంది. అది లీకు కాదు, పాడవడమూ కాదు, దాని పని అది చేస్తోందన్నమాట. కానీ ఆ 'బయట' అన్నది మన గట్టు కింద అర అయితే?

"వాసన వస్తుంది కదమ్మా" అంది మా అమ్మాయి. ఆ వాసన గ్యాస్‌ది కాదు, కలిపింది. 1937 మార్చిలో టెక్సస్‌లో న్యూ లండన్ అనే ఊళ్ళో బడి కింద వాసన లేని సహజవాయువు చేరి పేలిపోయింది. దాదాపు 300 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే. ఆ తరవాతే గ్యాస్‌కి వాసన కలపాలని అక్కడ చట్టం తెచ్చారు. ఆ వాసన మెలకువగా ఉన్నవాళ్ళకే. నిద్రలో ముక్కు మనల్ని లేపుతుందని నమ్మడానికి లేదు.

నేను మాత్రం అన్నీ తెలిసినదాన్నని చెప్పను. "పోనీ వెనక బంపర్ మీద పెట్టెయ్యండి" అన్నాను గొప్పగా. అల్లుడు తల అడ్డంగా ఊపాడు. వెనక నుంచి ఏ బండి వచ్చి గుద్దినా మొదటి దెబ్బ దానికే తగులుతుంది, ఇళ్ళ బండ్ల నిబంధనలూ అక్కడ వద్దంటాయి, పైగా అటే అత్యవసర తలుపు ఉంది అన్నాడు. నిజమే. ప్రాణం మీదకొస్తే దూకాల్సిన తలుపుకి గ్యాస్ బండ కాపలా పెట్టబోయాను. బయట పెడితే మంచుకి గడ్డకడుతుందేమో అన్నదీ నా భయమే. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతుందట. బ్యూటేన్ అయితే సున్నా దగ్గరే మొరాయిస్తుంది.

సరే, ఇంతా చేసి బయట పెట్టడానికి అడ్డేమిటి? డబ్బు, శ్రమ. పక్క రేకు కోయాలి, ఇనప పెట్టె చేయించాలి, వెల్డింగ్ మనిషిని పిలవాలి. "ఇప్పటికే బడ్జెట్ దాటిపోయింది, మొదట్లో లోపల పెట్టుకుని తరవాత చూద్దాం, సర్దుకుందాం అమ్మా" అంది అమ్మాయి.

ఆ 'సర్దుకుందాం' అన్న మాట నా నోటి నుంచి నేర్చుకున్నదే. అందుకే గుండెలో కలుక్కుమంది. మనం దేనికైనా సర్దుకుంటాం. చిన్న గదికి, చిన్న జీతానికి, పొగచూరిన గోడకి, మంట సరిగ్గా రాని పొయ్యికి. ఆ సర్దుబాటుని మనవాళ్ళు మెచ్చుకుంటారు కూడా. నీలం పలకలకి డబ్బు సర్దుబాటవుతుంది, ఎందుకంటే అవి ఫొటోలో కనపడతాయి. గ్యాస్ పెట్టె కనపడదు, అందుకని అది 'తరవాత'లోకి పోతుంది. ఆ పొయ్యి ముందు రోజూ నిలబడేది ఎవరో ఆ మనిషిని అడిగి ఇల్లు గీస్తే, మొదటి గీత గ్యాస్‌కే పడుతుందని నా నమ్మకం. మా ఇంటి ప్లాను గీసినప్పుడు నన్నూ ఎవరూ అడగలేదు లెండి. బండ గట్టు కింద పెట్టింది మేస్త్రి.

ఆ మాటల్లోనే అమ్మాయి ఒక సంగతి చెప్పింది. ఏప్రిల్‌లో బస్సుని చూసుకుందామని ఒక రాత్రి కొండ మీదకి వెళ్ళారట. మంచు పడింది. హీటరు ఇంకా పెట్టలేదు. క్యాంపు స్టౌ వెలిగించి, తలుపులన్నీ మూసి, పక్కన పిల్లని పడుకోబెట్టుకుని వెచ్చగా నిద్రపోదామనుకున్నారు. కాసేపటికి అద్దాల మీద నీళ్ళు ధారలు కట్టాయి. కిలో ప్రొపేన్ మండితే ఒకటిన్నర కిలోలకి పైనే నీటి ఆవిరి పుడుతుంది, ఆ నీరే అది. దుప్పట్లు తడిసిపోతున్నాయని విసుక్కుని స్టౌ ఆపేశారు. అంతే. దుప్పటి తడవకపోతే తెల్లవార్లూ వెలిగేదే. మూసిన చోట మంట ఊపిరాడక కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. దాన్ని పసిగట్టే అలారం వాళ్ళ దగ్గర ఉంది. పనిముట్ల పెట్టెలో, అట్ట కూడా విప్పకుండా.

ఎంత తేలిగ్గా చెప్పిందో! నేను లేచి బయటికి వెళ్ళి కాసేపు నిలబడ్డాను. తిరిగొచ్చాక ఎవరినీ ఏమీ అనలేదు. ఆ అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాను. అల్లుడు మాట్లాడకుండా స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు.

ఆ వారంలోనే పని మొదలైంది. బస్సు పక్కన, రెండు చక్రాల మధ్య, సైలెన్సర్ గొట్టానికి అవతలి వైపు చోటు చూశారు. బండ అడుగున్నర ఎత్తు ఉంటుంది. నేల తగలకుండా అది పట్టే చోటు వెతకడానికే ఒక రోజు పట్టింది. పెట్టెని రేకుకి కాకుండా అడుగున ఉన్న ఇనప దూలాలకి వేలాడదీశారు. తలుపు బయటికే తెరుచుకుంటుంది. ఇంటివైపు చీమ దూరే సందు లేదు. పెట్టె అడుగున మాత్రం గాలి కంతలు ఉన్నాయి, లీకైనా రోడ్డు మీదకి పోవాలని. గొట్టం రేకులోంచి దూరే ప్రతిచోటా రబ్బరు గుబ్బ, లేకపోతే అదురుకి రేకు అంచు గొట్టాన్ని కోసేస్తుంది. పొయ్యికి ఒకటి, నీళ్ళ మిషనుకి ఒకటి విడివిడిగా కట్టేసే మీటలు. హీటరు మాత్రం బయటి గాలి పీల్చి బయటికే పొగ వదిలేది తెచ్చారు. చివర్లో లైసెన్సున్న గ్యాస్ మనిషి వచ్చి, గొట్టంలో ఒత్తిడి పెట్టి, ముల్లు కదలకుండా నిలిచేదాకా చూసి వెళ్ళాడు. గ్యాస్ అలారం నేలకి దగ్గరగా బిగించారు. నేను చెప్పినచోటే.

ఒకరు ఉచితంగా ఇచ్చిన పొయ్యి ఉంది కానీ అది సహజవాయువుకి చేసింది. వాటి జెట్లు వేరు, మార్చకుండా వెలిగిస్తే మంట పచ్చగా జానెడు లేస్తుంది. దాని కథ మళ్ళీ ఎప్పుడైనా.

బండ బయట పెట్టడానికి వీల్లేని బస్సుల్లో అయితే గ్యాసే వద్దంటాను నేను. ఇండక్షన్ పొయ్యి పెట్టుకోండి. నాకు పుల్కా మంట మీదే పొంగాలి, పోపు ఇనప గరిటెలోనే వేగాలి, అయినా సరే ఆ మాటే అంటాను. పై కప్పు మీద సౌర పలకలు, కింద బ్యాటరీలు ఖర్చే, కానీ పొంగని పుల్కా తినేసి ఊరుకోవచ్చు.

వచ్చే ఏడు బాల్టిమోర్‌లో ఉన్న మా మరిది ఇంటికి బస్సులోనే వెళ్తారట. అక్కడ హార్బర్ కింది సొరంగాల్లోకి పెద్ద ప్రొపేన్ బండలున్న బండ్లని రానివ్వరు, చుట్టు తిరిగి పోవాలి. ఆ దారి కూడా అల్లుడు ముందే చూసుకున్నాడు. ఇప్పుడు అతని జాగ్రత్త చూస్తే నాకే ముచ్చట.

మొన్న వీడియో కాల్‌లో మనవరాలు గిన్నెలో సబ్బు నీళ్ళు, చేతిలో పాత టూత్‌బ్రష్షు పట్టుకుని కనిపించింది. బండ మార్చిన ప్రతిసారీ బిగింపు దగ్గర సబ్బు నురగ రాసే పని దానిదేనట, వాళ్ళ నాన్న పక్కనే కూర్చుంటాడు. "అమ్మమ్మా, బుడగలు రాలేదు" అని నిరాశగా చెప్పింది, పాపం దానికి బుడగలు కావాలి. ఈలోగా నా కళ్ళు దాని వెనకాల పెట్టె మీద పడ్డాయి. రెండో బండకి పట్టీ ఇంకా బిగించలేదు. రేపు ఆదివారం, మళ్ళీ ఫోన్ చెయ్యాలి.