తక్కెడ ఎవరి చేతిలో వున్నది?

ఈ-సిగరెట్టు మామూలు సిగరెట్టు కంటె 95 శాతం తక్కువ హానికరమని 2015లో ఇంగ్లండు ప్రజారోగ్య సంస్థ ప్రకటించింది. ఆనాటినుండి వ్యాపారులకు ఆ అంకె మంత్రమైపోయింది. అది ప్రయోగశాలలో కొలిచి తేల్చిన అంకె కాదు. కొద్దిమంది నిపుణులు కూర్చుని వేసిన అంచనా.

ఆ మాటలో నిజం బొత్తిగా లేదనడం శాస్త్రీయం కాదు. సిగరెట్టులో ఆకు కాలుతుంది. తారు, కార్బన్ మోనాక్సైడు పుడతాయి. ఈ-సిగరెట్టులో నికొటిన్ ద్రవం వేడెక్కి ఆవిరవుతుంది తప్ప కాలదు. కనుక చిరకాలంగా పొగతాగేవాడు సిగరెట్టును పూర్తిగా వదలి దీనికి మారితే, అతని ఒంట్లోకి పోయే విషం తగ్గుతుంది. రెండూ తాగేవానికి ఆ లాభం దక్కదు.

కాని పోలిక దేనితో? పొగాకు ప్రపంచంలో ఏటా 70 లక్షలమందికి పైగా పొట్టన పెట్టుకుంటున్నది. అంతటి హంతకుని పక్కన నిలబెడితే ఏ దొంగ అయినా సాధువుగానే కనిపిస్తాడు! ఎన్నడూ పొగతాగని పద్ధెనిమిదేళ్ల విద్యార్థికి పోల్చి చూపవలసింది సిగరెట్టును కాదు, స్వచ్ఛమైన గాలిని. ఆ తూకంలో ఈ ఆవిరి నికొటిన్ బానిసత్వాన్ని, ఫార్మాల్డిహైడును, లోహపు రేణువులను మోసుకువచ్చే సరుకు మాత్రమే. దశాబ్దాల వాడకం ఫలితమేమిటో తెలియడానికి దశాబ్దాలు గడవాలి. సిగరెట్టు తెచ్చిన కేన్సరు కూడా ఒక్కరోజులో బయటపడలేదు.

ఈ ఎత్తు కొత్తదా? 1952లో అమెరికాలో లారిలార్డ్ కంపెనీ కెంట్ సిగరెట్టుకు ఫిల్టరు తగిలించి, ఆరోగ్యానికి ఇంతకు మించిన రక్షణ లేదని చాటింది. 1956 వరకు ఆ ఫిల్టరులో వున్నది ఆస్‌బెస్టాస్ - అదే కేన్సరు కారకం! 2018 డిసెంబరులో మార్ల్‌బొరో తయారుచేసే ఆల్ట్రియా, జూల్ అనే ఈ-సిగరెట్టు కంపెనీలో 35 శాతం వాటాను 1280 కోట్ల డాలర్లకు కొన్నది. జబ్బు అమ్మే చెయ్యే మందూ అమ్మబోయింది.

మరి మన ప్రభుత్వం? 2019లో ఈ-సిగరెట్ల తయారీని, అమ్మకాన్ని, దిగుమతిని నిషేధించింది. మంచిదే. కాని అంతకంటె ప్రాణాంతకమైన సిగరెట్టూ బీడీ ప్రతి కిళ్లీకొట్టులోనూ వున్నవి. ప్రభుత్వరంగంలోని జీవిత బీమా సంస్థ సిగరెట్ల కంపెనీ ఐ.టి.సి.లో పెద్ద వాటాదారు. జీవితాలకు బీమా, సిగరెట్టులో వాటా! ఇది ప్రజారోగ్య విధానమా?

పొగ మానదలచినవానికి ఉచిత వైద్యం కావాలి. తాగనివానికి ఏ ఆవిరీ అక్కరలేదు. "తక్కువ హాని" అన్న మాట వినబడినప్పుడల్లా విద్యార్థులూ ఉపాధ్యాయులూ అడగవలసింది ఒక్కటే: దేనికంటె తక్కువ? ఎవరి లాభానికి?