చిక్కుడు విత్తు చెడినదా?

అమ్మమ్మలనాఁటి చిక్కుడు చెడిపోయినదని పలువురు మాతో మొఱపెట్టుచున్నారు. విత్తు చెడలేదు, చెఱచినవారము మనమే. నల్లగింజ తీగను, తెల్లగింజ తీగను ఒక్క పందిరికే ప్రాఁకింతుము. ఈ పూవు చాలవఱకు స్వపరాగముననే ఫలించునుగాని తుమ్మెద యూరకుండునా? సంకరమైనను ఆ యేఁటి గింజపైపొట్టు తల్లిదే గావున రంగు మాఱదు. మోసము మఱుసటి పైరున బయటపడును. కులసాంకర్యమునకు గుండెలు బాదుకొను పండితులు పూగుత్తికొక పలుచని గుడ్డసంచియైనఁ గట్టరు!

ఇఁక తెగులు. లేఁతకాయలు కూరకుఁ గోసికొని, మచ్చలుపడిన కడపటి కాయలను విత్తులకు విడుచుట మన యిండ్ల యాచారము. ఆ కాయమచ్చ తెగులు గింజవెంటనే మఱుసటి యేఁటికి వచ్చును. పల్లాకు తెగులు మాత్రము తెల్లదోమ తెచ్చునది. దానికి విత్తును నిందించుట యన్యాయము.

ఆరోగ్యముగల తీగనొకదానిని మొదటనే విత్తులకు విడువుఁడని మేము చెప్పఁగా, కూర తక్కువగునని యొక గృహస్థు నవ్వెను. ఆయన యిప్పు డేటేట విత్తనపు పొట్లము కొనుచున్నాఁడు.