కప్పు గెలిచింది కాఠ్మాండూలో, ఆట నేర్చింది కల్సిందూర్‌లో

మన హాస్టల్లో క్రికెట్ స్కోరు మూడో తరగతి పాపనడిగినా చెబుతుంది. శాఫ్ మహిళల ఫుట్‌బాల్ కప్పు ఎవరు గెలిచారంటే మాత్రం టెన్త్ అక్కలు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. తప్పు వాళ్లది కాదు. ఆ వార్త పేపర్లో పడితే అగ్గిపెట్టంత జాగాలో పడుతుంది.

శాఫ్ అంటే దక్షిణాసియా ఫుట్‌బాల్ సమాఖ్య. మనం, బంగ్లాదేశ్, నేపాల్, పాకిస్తాన్, శ్రీలంక, మాల్దీవులు, భూటాన్ అందులో సభ్యులం. మగవాళ్ల పోటీలు 1993లోనే లాహోర్‌లో మొదలయ్యాయి. ఆడవాళ్ల వంతు రావడానికి ఇంకో 17 ఏళ్లు పట్టింది. 2010లో కాక్స్ బజార్‌లో తొలి కప్పు మనదే. 2012లో కొలంబో, 2014లో ఇస్లామాబాద్, ఆ తర్వాత సిలిగురి, 2019లో బిరాట్‌నగర్ - వరుసగా ఐదూ మనవే. ఇస్లామాబాద్ ఫైనల్లో నేపాల్‌ను 6-0తో ఓడించాం. ఇక మనకు ఎదురు లేదనుకున్నాం.

2022 సెప్టెంబరులో కాఠ్మాండూలో బంగ్లాదేశ్ అమ్మాయిలు మనల్ని 3-0తో ఓడించారు. సెమీఫైనల్లో నేపాల్ మనల్ని ఇంటికి పంపింది. ఫైనల్లో నేపాల్‌ను దాని సొంత గడ్డమీదే 3-1తో ఓడించి బంగ్లాదేశ్ కప్పు ఎత్తుకుపోయింది. అంతకు ముందు నెలలోనే ఫిఫా మన సమాఖ్యను కొన్నాళ్లు సస్పెండ్ చేసింది, అందుకే ఓడామన్న వాళ్లున్నారు. సరే, మరి 2024లో? అదే కాఠ్మాండూ, మళ్లీ బంగ్లాదేశ్ చేతిలో 3-1తో ఓటమి, మళ్లీ సెమీస్‌లోనే ఇంటిముఖం, కప్పు మళ్లీ వాళ్లకే. సస్పెన్షన్ సాకు రెండోసారి పనికిరాదు.

నా ఉద్దేశంలో అసలు కారణం ఒక పల్లెటూరి బడిలో ఉంది. మైమెన్‌సింగ్ జిల్లాలో, మన మేఘాలయ సరిహద్దుకు దగ్గర్లో కల్సిందూర్ అనే ఊరుంది. అక్కడి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఒక మాస్టారు ఆడపిల్లలకు బంతి ఇచ్చి ఆడించాడు. కూలినాలి చేసుకునే ఇళ్ల పిల్లలు. ప్రాథమిక పాఠశాలల బాలికలకంటూ అక్కడి ప్రభుత్వం దేశమంతటా ఒక టోర్నమెంటు పెడితే వీళ్లు అందులో గెలిచారు. వీళ్లు గెలవడం మొదలుపెట్టాకే ఆ ఊరికి కరెంటు వచ్చింది! 2022లో కప్పు గెలిచిన జట్టులో సంజిదా, మరియా మండాతో సహా పలువురు ఆ ఊరి వాళ్లే. ఢాకాలో వాళ్లను టాపు లేని బస్సులో ఊరేగించారు.

అక్కడంతా పూలబాటేనని అనుకోకండి. 2025 జనవరిలో జైపూర్‌హాట్‌లో, అమ్మాయిలు ఆడకూడదంటూ మైదానం కంచె విరగ్గొట్టి మ్యాచ్ ఆపించారు. రెండుసార్లు దక్షిణాసియా కప్పు తెచ్చిన దేశంలోనే ఈ మాట!

మన దగ్గర కంచెలు విరగ్గొట్టే వాళ్లెవరూ లేరు. అయినా సాయంత్రం కాగానే "ఆడపిల్లలు గదుల్లోకి" అనే కేక ఉంది. నేను ఈ హాస్టల్లో ఉన్న ఐదేళ్లూ ఫుట్‌బాల్‌ను స్టోర్ రూం బీరువా మీద చూశాను. అది బయటికి వచ్చేది ఆగస్టు 15కి. అప్పుడూ గాలి ఉండేది కాదనుకోండి. మొన్న వచ్చి చూస్తే బీరువా మారింది గానీ బంతి చోటు మారలేదు.

"మన పిల్లలు తినే తిండికి ఫుట్‌బాలా?" అని ఒక పెద్దమనిషి నాతో అన్నారు. తిండి సంగతి నిజమే, మెస్ చార్జీల కోసం మనం కొట్లాడుతూనే ఉన్నాం, ఉంటాం. కానీ కల్సిందూర్ పిల్లలు పాలూ గుడ్లూ సమకూరాక బంతి పట్టుకోలేదు. అంత దూరం ఎందుకు, మన నిజామాబాద్ జిల్లా తండా పిల్ల గుగులోత్ సౌమ్య భారత జట్టు జెర్సీ వేసుకుంది కదా.

వార్డెన్ మేడం గారికి, సంక్షేమ శాఖ అధికారులకు మా పూర్వ విద్యార్థినుల మాట ఇదీ. బంతులు నాలుగు, గాలి కొట్టే పంపు ఒకటి మేం తెస్తాం. హాస్టల్ వెనక ఖాళీ స్థలంలో తుమ్మచెట్లు కొట్టించే ఖర్చూ మాదే. స్టోర్ రూం తాళం మాత్రం రోజూ సాయంత్రం 5 గంటలకు తీయించండి.

- ఒక పూర్వ విద్యార్థిని