ఏ నీళ్లు వస్తే ఆ బతుకు
బైబిల్‌లోని ప్రకటన గ్రంథం 16వ అధ్యాయంలో దేవుని కోపం నిండిన రెండో పాత్ర కుమ్మరించగానే సముద్రంలో ప్రాణమున్నదల్లా చచ్చిపోతుంది. యెహెజ్కేలు 47లో జాలర్లు ఒడ్డు పొడవునా వలలు పరుచుకునేంత చేపలు. ఈ రెండూ ఎలా పొసగుతాయని అమీర్‌పేట హాస్టల్ గదుల్లో వాదించుకునే కుర్రాళ్లను, ముందు అవి ఏ నీళ్లో చూడమంటాను. యెహెజ్కేలు దర్శనంలో బాగుపడింది మృత సముద్రం. దాని ఉప్పదనం సుమారు 34 శాతం, మామూలు సముద్రానికి దాదాపు పది రెట్లు. ఈనాటికీ అందులో చేప బతకదు. దర్శనంలో ఆలయం గడప కింద పుట్టిన ఏరు వచ్చి కలిశాకే ఆ నీళ్లకు ప్రాణం వచ్చింది. ఇక చావుకు కారణం హోషేయ 4 దాచలేదు: అబద్ధం, హత్య, దొంగతనం పెచ్చుమీరిన దేశంలో ఆఖరికి సముద్రపు చేపలూ పోతాయన్నాడు. నాకు ఇందులో వైరుధ్యం కనిపించదు. ఎగువన మనిషి ఏం చేస్తే దిగువన నీళ్లకు అదే గతి. అమీర్‌పేటకు దగ్గర్లోనే ఉన్న హుస్సేన్‌సాగర్ చూడండి: కుతుబ్‌షాహీల నాటి ఆ చెరువులోకి కూకట్‌పల్లి నాలా దశాబ్దాలపాటు ఫ్యాక్టరీల వ్యర్థాలు, మురుగు మోసుకొచ్చింది, నీళ్లలో ఆక్సిజన్ పడిపోయినప్పుడు చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి గుట్టలుగా తేలాయి. వచనాలను సరిపెట్టడానికి పడే తపనలో సగమైనా ఆ నాలా మీద పెట్టాలని సంఘ పెద్దలను మనస్ఫూర్తిగా అడుగుతున్నాను.