ఇంటిల్లిపాదీ రండి

"డాక్టరు గారూ, మా పాపను మీరే ఎలాగైనా మార్చాలి." ఓ.పి.లో రోజుకు ఒక్కసారైనా ఈ మాట వినబడుతుంది. ఒకరోజు పాప గురించి, మరోరోజు కోడలి గురించి, ఇంకోరోజు తాగి వచ్చే భర్త గురించి. తీసుకొచ్చినవారు మాత్రం కుర్చీ కాస్త వెనక్కి జరుపుకొని కూర్చుంటారు, ఈ వ్యవహారంతో తమకేమీ సంబంధం లేనట్లు. ఫ్యామిలీ థెరపీ అంటే ఆ కుర్చీలను ముందుకు లాగడమేనని నా అభిప్రాయం. మనవాళ్ళకు కష్టంగా ఉండేది కూడా అదే.

కొన్నేళ్ళ క్రితం చూసిన ఒక కుటుంబం గురించి చెబుతాను. ఎవరో గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. వారిది కోనసీమ వైపు. తల్లి ఇంటిపనికి కువైట్ వెళ్ళి ఆరేళ్ళు ఉండి వచ్చింది. ఆమె పంపిన డబ్బుతోనే అప్పులు తీరాయి, డాబా లేచింది. ఆమె తిరిగొచ్చిన రెండు నెలలకు పదమూడేళ్ళ కూతురు పళ్ళు గిట్టకరచుకొని పడిపోవడం మొదలుపెట్టింది. గాలి సోకిందని ఒకరు తాయెత్తు కట్టారు. నటిస్తోందని తండ్రి చెంప మీద కొట్టాడు. స్కానింగు, ఇ.ఇ.జి. తీయించాం, తేడా ఏమీ కనబడలేదు. (పడిపోయే జబ్బు ఏదైనా ముందు ఈ పరీక్షలు చేయించుకోవాల్సిందే, మనసుకు సంబంధించినదని ముందుగానే తీర్మానించకూడదు.) నేను చేసిందీ గొప్పగా ఏమీ లేదు. పాపతో విడిగా నాలుగు మాటలు మాట్లాడి, బలానికి మాత్రలు రాసి మూడుసార్లు పంపేశాను. మూడుసార్లూ తిరిగొచ్చారు.

నాలుగోసారి మా సైకియాట్రిక్ సోషల్ వర్కరు ఇంట్లో ఉన్నవారందరినీ రమ్మన్నారు. నాయనమ్మ కూడా రావాలంటే తండ్రికి కోపం వచ్చింది. "ఆ ముసలావిడకేం రోగమండీ?" అన్నాడు.

ఆ రోజు ఆవిడ పడిపోవడం గురించి మొదట అడగనే లేదు. ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూశారు. పాప నాయనమ్మ కొంగు పట్టుకొని ఉంది. తల్లి తలుపు పక్కన కూర్చుంది. పాపను ఏమడిగినా నాయనమ్మే జవాబు చెబుతోంది. తర్వాత ఒక పెద్ద కాగితం మీద మూడు తరాల కుటుంబ పటం గీశారు, మగవారికి చదరపు గుర్తు, ఆడవారికి గుండ్రటి గుర్తు. ఎవరు ఎప్పుడు ఊరు విడిచారో, ఎవరు ఎప్పుడు పోయారో అందులో రాశారు. అంతా అయ్యాక పాపను ఒకే ప్రశ్న అడిగారు. "అమ్మ వచ్చాక ఇంట్లో ఎవరికి ఎక్కువ కష్టమయిందమ్మా?"

పాప చాలాసేపు ఆగి, "నాయనమ్మకు" అంది. ఇక పిల్లను తనే చూసుకుంటానని, అత్తగారు చిన్నకొడుకు ఇంటికి వెళ్ళొచ్చని తల్లి అనడం ఆ పిల్ల విన్నదట. తల్లి ఏడుస్తూ, ఆరేళ్ళు ఫోనులో పెంచిన కూతురు ఎదురుగా ఉండి అమ్మా అని పిలవడం లేదని చెప్పింది. పాప పడిపోయిన రోజున మాత్రం అత్తాకోడళ్ళిద్దరూ మాటామాటా మాని ఒకే మంచం దగ్గర కూర్చునేవారని అప్పుడు బయటపడింది. పాప కావాలని చేసిందని కాదు. నోటితో చెప్పలేనిది ఒంట్లోంచి అలా వచ్చింది.

ఇచ్చిన పని చాలా చిన్నది. రోజూ సాయంత్రం తల్లి జడ వేయాలి, నాయనమ్మ పక్కనే కూర్చొని ఈ ఆరేళ్ళలో జరిగిన ఒక సంగతి చెప్పాలి. పడక నాయనమ్మ దగ్గరే. పాప పడిపోతే దగ్గర ఒక్కరే ఉండాలి, అందరూ గుమిగూడకూడదు. అయిదు నెలలు పట్టింది. తండ్రి రెండుసార్లే వచ్చాడు. పడిపోవడం తగ్గుతూ వచ్చి ఆగిపోయింది. అత్తాకోడళ్ళు మాత్రం ఒక్కటి కాలేదు, పొయ్యిలు వేరయ్యాయి. నాయనమ్మ ఆ ఇంట్లోనే ఉంది.

కుటుంబాన్ని చికిత్సలో కలుపుకోవడం మన దేశానికి కొత్త కాదు. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులకు ఆవరణలో గుడారాలు వేయించి దగ్గరే ఉండనిచ్చారు. వేలూరు సి.ఎం.సి. వారి మానసిక ఆరోగ్య కేంద్రం 1957లో మొదలైంది, అక్కడా రోగి వెంట ఇంటివారు ఉండే పద్ధతే. ఇంటి మాటతీరుకూ జబ్బుకూ సంబంధం ఉంది. లండన్‌లో జార్జి బ్రౌన్ బృందం 1972లో ప్రచురించిన పరిశోధనలో, స్కిజోఫ్రెనియాకు చికిత్స పొంది ఇంటికి వెళ్ళినవారిలో, సూటిపోటి మాటలు ఎక్కువగా ఉన్న ఇళ్ళవారికి జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. అంటే జబ్బు ఇంటివాళ్ళే తెచ్చారని అర్థం కాదు. మందులు మానేయమని అసలే కాదు.

చాలామంది ఈ గదికి పెద్దమనుషుల పంచాయితీకి వచ్చినట్లు వస్తారు. తప్పెవరిదో తేల్చమంటారు. మంచి థెరపిస్టు అది తేల్చరు, అందుకే మొదటి రోజు అందరికీ కాస్త అసంతృప్తిగా ఉంటుంది. సంఘ కాపరి దగ్గరకు వెళ్ళేవారూ ఉన్నారు. వెళ్ళండి. కానీ ఆదివారం ఆరాధనలో ఎదురుపడే మనిషి ముందు కొన్ని సంగతులు నోరు విప్పి చెప్పలేం, పరాయి మనిషి ముందు చెప్పగలం.

ఎవరి దగ్గరకు వెళ్ళాలి? మన దేశంలో ఫ్యామిలీ థెరపిస్టులకు విడిగా లైసెన్సు లేదు, ఫ్యామిలీ కౌన్సెలర్ అని ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. అందుకే అడగడానికి మొహమాటపడకండి. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషను ఉండాలి. సైకియాట్రిక్ సోషల్ వర్కరు సోషల్ వర్కులో పి.జి., ఆపైన ఎం.ఫిల్. చేసి ఉండాలి. సైకియాట్రిస్టు వైద్యులే. వీరిలో ఎవరినైనా సరే, కుటుంబాలతో పనిచేయడంలో శిక్షణ పొందారా, ఎన్నాళ్ళుగా చేస్తున్నారు అని అడగండి. విశాఖ, ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో, వైద్య కళాశాలల సైకియాట్రీ విభాగాల్లో విచారించవచ్చు. 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, దగ్గరలో ఎక్కడికి వెళ్ళాలో అడగండి. ఒక్కో విడత గంట, గంటన్నర. వారానికో, పదిహేను రోజులకో ఒకసారి. సాధారణంగా డజనుకు అటూ ఇటూ విడతలు పడతాయి. రెండోసారికే ఏమీ మారలేదని మానేసేవారు చాలామంది, అది నాకు బాధ కలిగించే విషయం.

ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే మాత్రం అందరూ కలిసి కూర్చోవడం మంచిది కాదు. గదిలో చెప్పిన నిజానికి ఆమె రాత్రి ఇంట్లో దెబ్బలు తినవలసి వస్తుంది. అలాంటివారు ముందు ఒంటరిగా మాట్లాడాలి, 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది, 2005 గృహహింస చట్టం ఉంది.

మీ ఇంట్లో ఒకరు రానంటే వారి కోసం ఆగకండి, వచ్చేవారితోనే మొదలుపెట్టవచ్చు. పాత రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీ వెంట తెచ్చుకోండి. నాయనమ్మను ఇంటి దగ్గర వదిలి రాకండి.