తవుడు తిన్నవాళ్లం

మనిషి పోతే "నూకలు చెల్లాయి" అంటాం. మన భాష ఆయుష్షును కొలిచింది నూకలతోనే. మా అమ్మమ్మ వడ్లు దంచడానికి పోతే బియ్యం ఆసాముల ఇంట్లోకి, నూకలూ తవుడూ ఆమె కొంగులోకి. ఆ తవుడులో బెల్లం కలిపి ఉండలు చేసి పిల్లలకు పెట్టేది. పశువుల తిండి తింటారని బడిలో మా అమ్మను వెక్కిరించారు.

బియ్యాన్ని తెల్లగా పాలిష్ పడితే బి1 విటమిన్ చాలావరకు తవుడుతోనే పోతుంది. ఆ తెల్లన్నమే తిని బతికినవాళ్లకు బెరిబెరి వచ్చింది. ఆ గుట్టు విప్పే దారి చూపినందుకు ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ ఇచ్చారు.

మిల్లు తవుడు త్వరగా ముక్కిపోతుంది. వెంటనే వేడిచేస్తే నిలవుంటుంది, బిస్కెట్లలో, రొట్టెల్లో కలపొచ్చు. ఇప్పుడదే "ఆరోగ్య ఆహారం" పేరుతో ప్యాకెట్లకెక్కుతోంది. మంచిదే, నేను వద్దనను. కానీ రెండు మాటలు. ఆ పని, ఆ లాభం దళిత మహిళల సంఘాలకు రావాలి. హాస్టల్ పిల్లల పళ్లెంలో తవుడు బిస్కెట్ పెట్టి గుడ్డు తీసేస్తామంటే మాత్రం ఊరుకోం. మిగిలింది తిని బతికిన తరం అమ్మమ్మతో ముగియాలి.

జై భీమ్.