ఎవరి ఖర్చున ఈ ఆకాశం?

2025 ఏప్రిల్ 14న గాయని కేటీ పెర్రీ మరి అయిదుగురు స్త్రీలతో బ్లూ ఆరిజిన్ రాకెట్టులో సుమారు పదకొండు నిముషాలు ఆకాశానికి పోయి వచ్చింది. లోకం నవ్వింది. ఇక్కడ కరీంనగరంలో మా విద్యార్థులూ, నాతోటి ఉపన్యాసకులూ నవ్వారు. కాని 2024 మే 19న అదే కంపెనీ రాకెట్టులో విజయవాడకు చెందిన తోటకూర గోపీచంద్ వెళ్ళినప్పుడు వీరే 'మనవాడు' అని పొంగిపోయారు. ఆ నవ్వూ, ఈ పొంగూ ఒకే తాను ముక్కలు. రెంటిలోనూ యజమాని కనబడడు.

యజమాని మాత్రం దాచుకోలేదు. 2021 జులైలో తాను స్వయంగా వెళ్ళివచ్చిన జెఫ్ బెజోస్, దీనికంతటికీ డబ్బు చెల్లించింది మీరేనంటూ తన అమెజాన్ ఉద్యోగులకూ, ఖాతాదారులకూ కృతజ్ఞతలు చెప్పాడు. అసలు విమర్శ ఆ మాట దగ్గర మొదలు కావాలి.

ఆకాశం మీద మనకు కోపమేల? 1963లో, బట్టల మిల్లులో పనిచేసిన వాలెంతీనా తెరిష్కోవా దాదాపు మూడు రోజులు భూమిని చుట్టింది. అందులో ప్రచారం లేదనను. కాని ఆమె టిక్కెట్టు కొనలేదు. సిరిసిల్లలో మరమగ్గం నడిపే కార్మికుని బిడ్డ నా తరగతిలో ఉన్నది. ఆమెను ఆకాశం కోరవద్దని నేను చెప్పను. రాకెట్టు ఎవరి చెమటతో లేచిందో అడగమంటాను. గాయనిని చూసి నవ్వడం తేలిక. మిత్రులారా, యజమానిని లెక్క అడుగుదాం.